‘టెస్ట్’ అను టపాపై పదకొండు ప్రశంసలు

దూరవిద్యలో చదివే విద్యార్థి ఎలా ఆలోచిస్తున్నాడో తెలుసుకోవడానికి ఇకమీదట ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కరలేదు. సదరు ఆలోచనకు నాలుగు నిలువు గడులు, ఆరు అడ్డ గడులు కేటాయించడమైనది. అధ్యయన కేంద్రాల్లో పాఠాలు చెప్పే అకడమిక్ కౌన్సెలర్లకు ఒక సంస్థ ఆన్‌లైన్‌లో ఇచ్చిన శిక్షణలో ఈ శుభవార్త వెలువడింది. శిక్షణ పేరు ఒక ఊపిరిలో చదవగలిగేది కాదు గాని, సారాంశం చిన్నదే: విద్యార్థుల చేత బ్లాగులు రాయించాలి, వాటికి రూబ్రిక్ ప్రకారం మార్కులు వేయాలి. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఎవరు ఎక్కడ చదివితే వారు దాన్నే ఊహించుకుంటారు.

రూబ్రిక్ అంటే ఒక పట్టిక. ఎడమవైపు ప్రమాణాలు, పైన ‘అత్యుత్తమం’ మొదలు ‘మెరుగుపడాలి’ దాకా స్థాయిలు, ఒక్కో గడిలో ఆ స్థాయి రాత ఎలా ఉంటుందో చెప్పే ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. దాన్ని ముందుగానే చేతికిస్తే తన నుంచి ఏమి ఆశిస్తున్నారో విద్యార్థికి తెలుస్తుంది, దిద్దేవారి చిరాకును బట్టి మార్కులు మారవు, ఎక్కడ తగ్గాయని అడిగితే చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది. ఎదురుగా గురువు లేని చదువులో ఇవి చిన్న విషయాలు కావు. ఇంత మంచి వస్తువు మన విద్యాయంత్రాంగం చేతికి చిక్కడమే దాని దురదృష్టం.

శిక్షణలో మొదటి రోజు రూబ్రిక్‌ను చూపించారు. రెండో రోజు మమ్మల్నే తయారుచేయమన్నారు. మూడో రోజు, మేము చేసిన రూబ్రిక్‌లకు మార్కులు వేసే రూబ్రిక్‌ను విడుదల చేశారు. ఈ చివరిదానికి మార్కులు వేసే రూబ్రిక్ ఎక్కడుందని అడిగిన ఒక పెద్దమనిషి మైకును వెంటనే మ్యూట్ చేశారు.

ఇదంతా సహించవచ్చు. సహించలేనిది నాలుగో అడ్డగడి. ‘సహాధ్యాయులతో సంవాదం: 20 మార్కులు. ప్రతి అభ్యాసకుడు కనీసం ఇద్దరి బ్లాగులపై, ఒక్కొక్కటి 50 పదాలకు తగ్గకుండా, ఒక ప్రశంస, ఒక విమర్శనాత్మక సూచన ఉండేలా వ్యాఖ్యానించవలెను. గడువు ఆదివారం రాత్రి 11:59.’ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి కనీస పదాల సంఖ్యను నిర్ణయించిన నాగరికత మనదే కావచ్చు.

శిక్షణలో ముందు మా చేతే బ్లాగులు రాయించారు. అర్థశాస్త్రం చెప్పే లెక్చరర్ ఒకాయన, బ్లాగు తెరుచుకుంటుందో లేదో చూద్దామని ‘టెస్ట్’ అన్న ఒక్క మాట టైపు చేసి ప్రచురించారు. అంతలో కరెంటు పోయింది, ఆయన పడుకున్నారు. తెల్లారేసరికి ఆ టపా కింద పదకొండు వ్యాఖ్యలున్నాయి. ‘మీరు ఎంచుకున్న అంశం సమకాలీన సమాజానికి అత్యంత ఆవశ్యకం, క్లుప్తత మీ శైలికి వన్నె తెచ్చింది, అయితే మరికొన్ని ఉదాహరణలు జోడిస్తే సమగ్రంగా ఉండేది’ అని మొదటివారు. రెండో పేరా తనను లోతుగా ఆలోచింపజేసిందని ఇంకొకరు. ముగింపుతో మాత్రం సవినయంగా విభేదిస్తున్నానని మరొకరు, ఎందుకంటే విభేదానికి విడిగా మార్కులున్నాయి. ఒకరు మొదటివారి వ్యాఖ్యను చివర వారి పేరుతో సహా అతికించారు. టపా రాసినాయనా తక్కువవారు కారు. వ్యాఖ్యలకు బదులిస్తే అయిదు మార్కులని పట్టికలో ఉన్నందున పదకొండుమందికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పి, వారి సూచనల మేరకు ‘టెస్ట్ 2’ ప్రచురించారు. ‘నిరంతర అభ్యసనానికి నిదర్శనం’ అన్న గడిలో ఆయనకు అత్యుత్తమం దక్కింది. ఆ వారం నిజంగా కూర్చుని నాలుగు పేజీలు రాసినవారి టపాల కింద ఒక్క వ్యాఖ్య కూడా లేదు. అర్ధరాత్రి గడువు ముంచుకొస్తుంటే నాలుగు పేజీలు చదివేదెవరు?

వీరంతా పాఠాలు చెప్పేవారు. ఈ పట్టికే తరువాత విద్యార్థుల దగ్గరికి వెళ్లింది.

అందులో ఒకావిడ అంగన్‌వాడీ కార్యకర్త. బాలల పోషణ గురించి రాయమంటే, పిల్లలను తూకం వేసే రోజున తల్లులు ఎందుకు రారో, వచ్చినవారు ఏమంటారో, రిజిస్టరులో రాయలేనిది ఏముంటుందో ఫోన్‌లోనే టైపు చేసి పంపింది. మేము పెట్టిన పాఠ్యపుస్తకంలో ఆ సంగతులు లేవు. పట్టిక ఏమన్నది? మూలాల ఉదహరింపు సున్నా, చిత్రాలు, లింకులు సున్నా, పేజీ అందం ఒకటి. ఎక్కడినుంచో ఎత్తిపోసిన వ్యాసానికి బొమ్మలు తగిలించినవాడికి నూటికి తొంభై. ఆమె రాసింది బాగుందని గాని, ఇక్కడ ఇంకొంచెం చెప్పమ్మా అని గాని ఒక్క వాక్యం రాసినవారు లేరు, ఎందుకంటే వాక్యం రాయడానికి ఆ పట్టికలో చోటే లేదు. చదవకుండానే మార్కులు వేసే సౌకర్యానికి ఇన్ని రోజుల శిక్షణా? ఆమె కట్టిన ఫీజు దేనికి? గడుల్లో టిక్కులు పెట్టినందుకా?

1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, బడి మధ్యలో మానేసినవారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్నారు. అంటే ఆమెలాంటివారి కోసమే ఆ తలుపు తెరిచారు. అప్పుడు పాఠాలు అచ్చుపుస్తకాలుగా వచ్చేవి, కౌన్సెలింగ్ తరగతులు సెలవురోజుల్లో జరిగేవి, బ్లాగు అన్న మాటే లేదు. ఇప్పుడు యూజీసీ 2020 నిబంధనల్లో నిరంతర మూల్యాంకనానికి, అంటే చదువు సాగుతుండగానే వేసే మార్కులకు, గరిష్ఠంగా 30 శాతం, మిగిలినది చివరి పరీక్షకు. ఆ పరీక్షలో దిద్దేవారెవరో రాసేవారికి తెలియదు. చదువుకునే మనిషికీ చెప్పే మనిషికీ మధ్య మాటామంతీ జరగగలిగేది ఈ 30లోనే. దాన్నీ గడులకు అప్పగించాము.

కాబట్టి పాఠ్యరూపకల్పన సంఘానికి సవినయంగా ఒక అడ్డగడి ప్రతిపాదిస్తున్నాను. ప్రమాణం: మూల్యాంకనం చేసినవారు దీన్ని చదివారా? స్థాయిలు: ఆసాంతం చదివి రెండు వాక్యాలు రాశారు, ఆసాంతం చదివారు, మొదటి పేరా చదివారు, పదాల సంఖ్య చూశారు. నింపవలసినది విద్యార్థి. సంఘం నుంచి జవాబు వచ్చింది: పట్టిక మొత్తం ఇప్పటికే వంద మార్కులైనందున కొత్త గడికి వీలుపడదట.