యాంప్ కొనేముందు అంకెలు అడగండి

మ్యూజిక్ ప్లేయర్‌కి తగిలించుకోవడానికి తక్కువ ధరలో ఒక పోర్టబుల్ హెడ్‌ఫోన్ యాంప్, అంటే ప్లేయర్ నుంచి వచ్చే సిగ్నల్‌ని పెంచి హెడ్‌ఫోన్‌కి ఇచ్చే చిన్న పెట్టె, చెప్పమని ఎవరిని అడిగినా జవాబులు దాదాపు ఒకే తీరుగా వస్తాయి. ఒకటి వెచ్చగా పాడుతుందంటారు. ఇంకొకటి విశాలంగా వినిపిస్తుందంటారు. మూడోదానిలో బేస్ బిగువుగా ఉంటుందంటారు. అడిగినవాళ్ల దగ్గర ఏ హెడ్‌ఫోన్ ఉందో మాత్రం కనుక్కోరు. రోగిని చూడకుండా మందు రాసినట్టుంటుంది ఈ వ్యవహారం. యాంప్ విషయంలో మొదటి ప్రశ్న హెడ్‌ఫోన్ గురించే. చాలామందికి చివరి ప్రశ్న కూడా అదే కావాలి.

సూటిగా చెబుతాను. చవక యాంప్ కొనేవాళ్లు చూడాల్సినవి మూడే. మీ హెడ్‌ఫోన్‌కి కావాల్సిన వోల్టేజీ, కరెంటు అది ఇవ్వగలదా? దాని ఔట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే యాంప్ లోపలే కరెంటుకి ఎదురయ్యే నిరోధం, ఎంత? పాట ఆగినప్పుడు అది సొంతంగా చేసే చప్పుడు ఎంత? ఈ మూడూ సరిపోతే ఉన్నవాటిలో అన్నిటికంటే చవకైనది తీసుకోండి, మనసులో ఏ అనుమానమూ పెట్టుకోకండి. ఈ మూడూ చెప్పని యాంప్‌ని ఎంత పొగిడినా పక్కన పెట్టేయండి. లెక్క వేసుకుంటే చాలామందికి అసలు యాంపే అక్కర్లేదని తేలుతుంది కూడా.

2016లో ఐఫోన్ 7 నుంచి 3.5 మిల్లీమీటర్ల జాక్ తీసేశాక ఆ దారి పట్టిన ఫోన్లు పెరిగాయి. ఫోన్‌కి తగిలించి వైరు హెడ్‌ఫోన్ పెట్టుకునే డాంగిల్స్ వచ్చాయి, విడిగా మ్యూజిక్ ప్లేయర్లు కొనేవాళ్లు మళ్లీ కనిపిస్తున్నారు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడేవాళ్లకు ఈ గొడవే లేదు. వాటి లోపలే యాంప్ ఉంటుంది, బయట ఇంకొకటి పెట్టే వీలు లేదు. ఇక్కడ చెప్పేదంతా వైరు పెట్టుకుని వినేవాళ్ల గురించి.

ముందు బలం సంగతి. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్, అంటే ఓమ్‌లలో చెప్పే దాని నిరోధం, ఎక్కువుంటే యాంప్ కావాలి, తక్కువుంటే అక్కర్లేదు అని ఒక మాట చలామణీలో ఉంది. ఇది సగం నిజం. ఆ సగం నమ్మి కొన్నవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఇంపిడెన్స్‌తో పాటు సెన్సిటివిటీ కూడా తెలియాలి. అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందన్న సంగతి.

పాటలో హఠాత్తుగా ఎగసే శబ్దాలకు 110 డెసిబెల్‌లు సరిపోతాయనుకుందాం. ఇది చాలా ఉదారమైన అంచనా. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్, సెన్సిటివిటీ మిల్లీవాట్‌కి 110 డెసిబెల్‌లు అయితే, దానికి కావాల్సింది ఒకే ఒక్క మిల్లీవాట్. వోల్టేజీలో చెప్పాలంటే 0.18 వోల్ట్‌లు. ఒక్క వోల్ట్ ఇచ్చే మామూలు డాంగిల్ కూడా అంతకు ఐదు రెట్లకు పైగా ఇస్తోంది. దానికి యాంప్ తగిలిస్తే మీకు ఒరిగేది ఏమీ లేదు. జేబులో ఇంకో బరువు, ఛార్జ్ చేయాల్సిన ఇంకో బ్యాటరీ మాత్రం చేరతాయి.

ఇప్పుడు బయ్యర్‌డైనమిక్ డీటీ 770 ప్రో హెడ్‌ఫోన్‌లో 250 ఓమ్‌ల రకం తీసుకోండి. దాని సెన్సిటివిటీ మిల్లీవాట్‌కి 96 డెసిబెల్‌లు. 110కి చేరాలంటే 25 మిల్లీవాట్లు, అంటే 2.5 వోల్ట్‌లు కావాలి. కరెంటు 10 మిల్లీఆంపియర్లు చాలు. ఒక వోల్ట్ డాంగిల్ ఇక్కడ 102 డెసిబెల్‌ల దగ్గర ఆగిపోతుంది. మెల్లగా వినేవాళ్లకు అదే ఎక్కువ. పాత రికార్డింగులు, తక్కువ స్థాయిలో రికార్డయిన శాస్త్రీయ సంగీతం వినేవాళ్లకు అది చాలకపోవచ్చు. వీళ్లకు యాంప్ నిజంగా పనికొస్తుంది.

మూడోది ప్లానార్ హెడ్‌ఫోన్, అంటే చదునైన పలుచని పొర కదిలి శబ్దం పుట్టించే రకం. 50 ఓమ్‌లే, కానీ సెన్సిటివిటీ 84 డెసిబెల్‌లు అనుకుందాం. పైన చెప్పిన సామెత లాంటి మాట ప్రకారం దీనికి యాంప్ అక్కర్లేదు. లెక్క ప్రకారం దీనికి 400 మిల్లీవాట్లు, దాదాపు 4.5 వోల్ట్‌లు, 90 మిల్లీఆంపియర్లు కావాలి. జేబులో పట్టే చవక యాంపుల్లో చాలావాటికి ఇది భారమే. ఇలాంటి హెడ్‌ఫోన్ కొన్నవాళ్లు చిన్న యాంప్‌తో సరిపెట్టుకోవాలని చూడకూడదు, టేబుల్ మీద పెట్టే యాంప్‌కి వెళ్లాలి.

110 ఉదారమైన అంచనా అని ఎందుకన్నానంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలీకమ్యూనికేషన్ యూనియన్ కలిసి తెచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దలు 80 డెసిబెల్‌ల దగ్గర వారానికి 40 గంటలే వినొచ్చు. 3 డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 89 డెసిబెల్‌ల దగ్గరికొచ్చేసరికి వారం మొత్తానికి మిగిలేది 5 గంటలు. బలం ఎక్కువున్న యాంప్ గొప్పదనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

బలం కన్నా నాకు ముఖ్యమైనది, కొనేవాళ్లు దాదాపుగా పట్టించుకోనిది ఔట్‌పుట్ ఇంపిడెన్స్. యాంపుల మధ్య నిజంగా వినిపించే తేడాల్లో పెద్ద భాగం ఇక్కడే ఉంది. వెచ్చదనం, విశాలం, బిగువు అని పేర్లు పెట్టి పాడేది చాలాసార్లు దీన్నే.

యాంప్ లోపలి నిరోధం, హెడ్‌ఫోన్ నిరోధం కలిసి వోల్టేజీని పంచుకుంటాయి. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉంటే ఈ పంపకం వల్ల శబ్దం కాస్త తగ్గుతుంది, అంతే. కానీ ఒక్కో చెవిలో రెండు మూడు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే చిన్న భాగాలు, ఉన్న ఇయర్‌ఫోన్లలో అది అలా ఉండదు. ఒక చోట 8 ఓమ్‌లు, ఇంకో చోట 40 ఓమ్‌లు ఉందనుకోండి. యాంప్ ఔట్‌పుట్ ఇంపిడెన్స్ 10 ఓమ్‌లైతే మొదటి చోట శబ్దం 7 డెసిబెల్‌లు పడిపోతుంది, రెండో చోట 2 డెసిబెల్‌ల లోపే. తేడా 5 డెసిబెల్‌లు. ఇయర్‌ఫోన్ తయారుచేసినవాళ్లు ఎంతో శ్రమపడి కూర్చిన స్వరం మొత్తం మారిపోయినట్టే. అదే యాంప్ ఇంపిడెన్స్ 1 ఓమ్ అయితే ఆ తేడా 0.8 డెసిబెల్‌లకు దిగుతుంది. యాంప్ ఔట్‌పుట్ ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదన్న సూత్రం ఉన్నది ఇందుకే. పోర్టబుల్ యాంప్ అయితే 1 ఓమ్ దాటకపోతే మేలు, 2 దాటితే మల్టీ డ్రైవర్ ఇయర్‌ఫోన్ ఉన్నవాళ్లు వద్దనుకోవడం మంచిది. ఎంత వాల్యూమ్ ఉన్నా ఈ లోపం సర్దుకోదు.

ఈ అంకె బాక్స్ మీద లేకపోతే ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. 50 హెర్ట్జ్ సైన్ టోన్, అంటే మారకుండా ఒకేలా మోగే ఒంటి స్వరం, ఒకటి ప్లే చేసి, ఏమీ తగిలించకుండా యాంప్ ఔట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూడండి. 0.5 వోల్ట్‌లు వచ్చిందనుకుందాం. వాల్యూమ్ కదపకుండా మీటర్ పెట్టిన ఆ రెండు కొసల మధ్యే ఒక 33 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి మళ్లీ చూడండి. 0.38కి పడితే, 0.5ని 0.38తో భాగించి, అందులోంచి ఒకటి తీసేసి, 33తో గుణించండి. దాదాపు 10 ఓమ్‌లు. అలా కాకుండా రెండోసారి 0.49 చూపిస్తే ఒక ఓమ్ లోపే ఉన్నట్టు. ఐదు నిమిషాల పని ఇది. వందల మాటల సమీక్షలు దాటవేసే సంగతి దీంతో తేలిపోతుంది.

ఇక చప్పుడు. పాట ఆపి, యాంప్ ఆన్‌లో ఉంచి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. సన్నని బుస వినిపిస్తోందా? పైన చెప్పిన 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ ఒక వోల్ట్‌కి 125 డెసిబెల్‌లు ఇస్తుంది. యాంప్ సొంత నాయిస్ 10 మైక్రోవోల్ట్‌లున్నా చెవిలో 25 డెసిబెల్‌లవుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది తెలుస్తుంది, మెల్లని ఆలాపన మొదలయ్యేచోట మరీ తెలుస్తుంది. అదే యాంప్‌కి 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే ఆ బుస 2 డెసిబెల్‌లు, ఎవరికీ వినపడదు. అందుకే ఒకే యాంప్‌ని ఒకరు నల్లటి నిశ్శబ్దం అని, ఇంకొకరు గోల అని అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఏ హెడ్‌ఫోన్‌తో విన్నారో చెప్పలేదు, అంతే.

గెయిన్ స్విచ్, అంటే యాంప్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో మార్చే మీట, కూడా ఉంటే మేలు. సెన్సిటివ్ ఇయర్‌ఫోన్‌కి గెయిన్ ఎక్కువైతే వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పగానే చెవులు అదిరిపోతాయి. చవక అనలాగ్ నాబ్‌లు మొదట్లో రెండు వైపులా సమానంగా నడవవు. పాట ఎడమ చెవిలో ముందు మొదలై, ఇంకాస్త తిప్పాక కుడివైపు వస్తుంది, గాయని గొంతు పక్కకు జరిగి కూర్చుంటుంది. లో గెయిన్‌లో పెడితే నాబ్ మధ్యదాకా వస్తుంది, ఆ ఇబ్బంది పోతుంది.

అంకెలు అన్నీ చెప్పవు, చివరికి తీర్పు చెప్పాల్సింది చెవే అనేవాళ్లున్నారు. ఈ మాటని తీసిపారేయను. సంగీతం వినేది మనిషే, మీటర్ కాదు. కానీ చెవి తీర్పు చెప్పాలంటే రెండు యాంపులూ ఒకే శబ్దస్థాయిలో ఉండాలి. శబ్దం కాస్త ఎక్కువైనా మెదడు దాన్ని మెరుగైన నాణ్యతగా తీసుకుంటుంది. తక్కువ శబ్దంలో బేస్ తక్కువగా, పెంచినకొద్దీ నిండుగా వినిపిస్తుందని పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. మీటర్‌తో రెండిటినీ 0.2 డెసిబెల్‌ల లోపు సమానం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా వినండి. అప్పటికీ తేడా వినిపిస్తే నేను ఒప్పుకుంటాను. అలా చేయకుండా రాసిన వర్ణనకు డబ్బు పెట్టమనడం మాత్రం అన్యాయం.

యాంప్ ముందున్న లోపాన్ని యాంప్ బాగుచేయలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్లేయర్ హెడ్‌ఫోన్ ఔట్‌లో ఉన్న బుస, డిస్టార్షన్ అనే శబ్దం రూపు చెడిపోవడం యాంప్‌లోకి వెళ్లి పెద్దవై బయటికొస్తాయి. ప్లేయర్‌కి లైన్ ఔట్, అంటే బయటి యాంప్‌కి సిగ్నల్ ఇవ్వడానికి విడిగా ఉన్న జాక్, ఉంటే అక్కణ్ణుంచి తీసుకోండి. అది లేకపోతే, ప్లేయర్ వాల్యూమ్ శబ్దం పగలని మేరకు పైకి పెట్టి, యాంప్ దగ్గర తగ్గించుకోండి. ఒక్కో చెవికి రెండేసి వైర్లతో విడిగా సిగ్నల్ పంపే 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ ఔట్‌పుట్ వోల్టేజీని రెట్టింపు చేయగలదు. అది కావాల్సిన హెడ్‌ఫోన్ ఉంటేనే దానికి విలువ. ఔట్‌పుట్ ఇంపిడెన్స్ కూడా సాధారణంగా రెట్టింపవుతుందని మాత్రం ప్రకటనలు చెప్పవు.

ఇంత చిన్న సంగతికి కొనేవాళ్లు మల్టీమీటర్ పట్టుకోవాల్సి రావడమే అసలు అన్యాయం. ఈ అంకెలు తయారీదారు దగ్గర తప్పకుండా ఉంటాయి. కొలవకుండా సర్క్యూట్ డిజైన్ చేయరు కదా. ఉన్నవాటిని దాచి, విశేషణాలు ముందుకు తోస్తున్నారు. హెడ్‌ఫోన్ల బాక్స్ మీద సెన్సిటివిటీ 100 డెసిబెల్‌లు అని ఉంటుంది. మిల్లీవాట్‌కా, వోల్ట్‌కా? 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఈ రెండిటి మధ్య 15 డెసిబెల్‌ల తేడా ఉంది. అంటే కావాల్సిన పవర్‌లో ముప్ఫై రెట్లు. ఆ ఒక్క ముక్క రాయకపోవడం వల్ల పై లెక్కలన్నీ కొనేవాళ్లకు అందకుండా పోతాయి. యాంప్ మీద 150 మిల్లీవాట్లని రాస్తారు. ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎంత డిస్టార్షన్‌తో అన్నది ఉండదు. చిన్న స్పీకర్ల మీద పీఎంపీఓ అని క్షణంపాటు వచ్చే గరిష్ఠ పవర్ లెక్కతో వేల వాట్లు రాసినా, పవర్‌బ్యాంక్ మీద లోపలి 3.7 వోల్ట్‌ల సెల్ లెక్క రాసి 5 వోల్ట్‌ల దగ్గర దక్కేది ఎంతో చెప్పకపోయినా ఇదే పద్ధతి. అంకె అబద్ధం కానక్కర్లేదు, షరతు తీసేస్తే చాలు.

దీన్ని చట్టంతో అదుపు చేయొచ్చని ఎప్పుడో రుజువైంది. ఇంటి యాంపుల వాట్ల ప్రకటనలు అదుపు తప్పాయని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక నియమం తెచ్చింది. 2024లో దాన్ని ఇంకా బిగించి, 8 ఓమ్‌ల లోడ్ దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 1 శాతం లోపు డిస్టార్షన్‌తో కొలిచి చెప్పాలంది. జేబులో పట్టే హెడ్‌ఫోన్ యాంప్‌కి కూడా అదే క్రమశిక్షణ రావాలి. 16, 32, 300 ఓమ్‌ల దగ్గర ఎన్ని వోల్ట్‌లు, ఔట్‌పుట్ ఇంపిడెన్స్ ఎంత, నాయిస్ ఎన్ని మైక్రోవోల్ట్‌లు. నాలుగు లైన్ల లేబుల్‌లో పట్టే సమాచారం ఇది.

చవక పరికరానికి ఇంత పారదర్శకత సాధ్యం కాదనేవాళ్లకు ఓ2 యాంప్ ఉంది. అసలు పేరు బయటపెట్టని ఒక ఇంజినీరు 2011లో దాన్ని రూపొందించి, సర్క్యూట్‌నీ కొలతలన్నిటినీ అందరి ముందూ పెట్టాడు. రెండు 9 వోల్ట్ బ్యాటరీలు, ఎవరికైనా దొరికే ఎన్‌జేఎం4556 చిప్‌లు, అర ఓమ్‌కి అటూ ఇటూ ఔట్‌పుట్ ఇంపిడెన్స్. ఖరీదైన భాగాలు ఒక్కటీ లేవు. ఇష్టమున్నవాళ్లు సొంతంగా కట్టుకున్నారు, అమ్మేవాళ్లు అమ్మారు, కొలిచి చూసినవాళ్లు కొలిచారు. పేరు కూడా చెప్పని ఒక్క మనిషి చేసిన పనిని పెద్ద పెద్ద కంపెనీలు చేయలేమనడానికి కారణం కనిపించదు.

నియమం వచ్చేదాకా చేయగలిగింది ఒకటుంది. మీకు నచ్చిన యాంప్ తయారీదారుకి ఒక మెయిల్ రాయండి. ఔట్‌పుట్ ఇంపిడెన్స్ ఎంత, మీ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ దగ్గర ఎన్ని వోల్ట్‌లు ఇస్తుంది, ఎంత డిస్టార్షన్‌తో, లో గెయిన్‌లో నాయిస్ ఎంత అని అడగండి. అంకెలతో జవాబిచ్చినవాళ్ల వస్తువే కొనండి. వచ్చిన జవాబుని మీలాగే వెతుకుతున్నవాళ్లకు కనబడేలా పెట్టండి, రాకపోతే ఆ సంగతీ రాయండి.