మూడో పిన్ను గారికి ఇల్లు కట్టుకుంటున్నవాళ్ల బహిరంగ లేఖ

మహారాజశ్రీ మూడో పిన్ను గారికి, అనగా ప్లగ్గులో ఉండి లీకైన కరెంటును నేలలోకి దింపే ఎర్త్ పిన్ను గారికి, సొంతిల్లు కట్టుకుంటున్న యావన్మందిమీ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం. ఆ క్షేమం మీ చలవ అనుకునేరు, కాదు. హవాయి చెప్పుల చలవ. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జివ్వుమంటుంది కాబట్టి దాని ముందు ఎప్పుడూ ఒక జత విడిచి ఉంచుతాం. వాషింగ్ మెషీన్ దగ్గర చెక్కపీట వేశాం. చుట్టాలొస్తే "చెప్పులేసుకుని తియ్యి వదినా, కొంచెం లాగుతుంది" అని ముందే చెప్పే మర్యాద కూడా నేర్చుకున్నాం. మీరు లేని లోటు ఇంతకంటే బాగా ఎవరు తీర్చగలరు?

మీ మీద మాకు కోపమేమీ లేదు. ముగ్గురిలోకీ పొడుగు మీరే, లావూ మీరే. ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికంటే ముందు తగిలేదీ, పీకేటప్పుడు అందరికంటే చివర వదిలేదీ మీరేనట. కరెంటు తెచ్చే ఫేజు లోపలికి రాకముందే కాపలా నిలబడి, అది వెళ్లిపోయాకే కదులుతారట. కొలతలు తీసిన మహానుభావులు ఇంత ఆలోచించారు. కానీ మా బాధ కూడా వినండి. కుడిచేతి ఫేజు లేకపోతే ఫ్యాను తిరగదు. కరెంటును వెనక్కి తీసుకెళ్లే ఎడమచేతి న్యూట్రల్ లేకపోతే టీవీ వెలగదు. మీరు లేకపోతే ఏమవుతుంది? మిక్సీలో గోంగూర పచ్చడి ఎప్పటిలాగే నలుగుతుంది. ఉన్నారో లేరో కూడా తెలియని మనిషికి జీతమెందుకని మా లెక్క.

అయినా మిమ్మల్ని పూర్తిగా వదల్లేదు. రెండు పిన్నుల ఛార్జర్ సాకెట్‌లో దిగకపోతే మీ రంధ్రంలో పెన్ను మూత గుచ్చుతాం. లోపలి షట్టర్ తెరుచుకుంటుంది, కింద ఛార్జర్ దిగిపోతుంది. ఇంట్లో మీ హోదా ఇప్పుడు తాళం కప్ప.

ఇంటి ప్లాను గీయించేటప్పుడు మాత్రం లోటు చేయలేదు. ఆగ్నేయంలో వంటగది, అక్కడే మీటరు. ఈశాన్యంలో సంపు. మెట్లు ఎన్ని, ఏ దిక్కు నుంచి ఎక్కాలి, సెప్టిక్ ట్యాంక్ ఎక్కడ అని మూడుసార్లు ప్లాను మార్చాం. మీ వైరు వెళ్లి నేలలో కలిసే ఎర్తింగ్ గుంత ఎక్కడ అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పునాది తవ్వినప్పుడే అడిగి ఉంటే పని చవగ్గా అయ్యేది. కాంక్రీటు పడకముందు ఫుటింగ్ స్టీలుకు ఒక జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ వెల్డింగ్ చేయించి, కొస పైకి తీసుకొస్తే ఇంటి పునాదే మీ పునాది అవుతుంది. పునాది రాయి కింద నవరత్నాలు వేశాం, పంచలోహాలు వేశాం. ఆ ఒక్క ఇనుప పట్టీ మరిచిపోయాం.

తర్వాతైనా గుంత తవ్వాల్సిందే. ఎర్తింగ్‌కు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 3043 లెక్క ప్రకారం గొట్టం వేస్తే లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లకు తగ్గని జీఐ పైపు, కనీసం రెండున్నర మీటర్ల పొడవు. ప్లేటు వేస్తే 600 x 600 మిల్లీమీటర్లు. రాగిదైతే 3.15 మిల్లీమీటర్ల మందం, జీఐ అయితే 6.3. ఏదైనా గోడకు మీటరున్నర ఎడంగా ఉండాలి. ఇక హైదరాబాదు చుట్టుపక్కల తవ్వి చూడండి, మూడడుగులకే బండ తగులుతుంది. బండ తగలగానే పైపును కోసి, మూడడుగుల ముక్క పాతి, పైన రెండు కిలోల ఉప్పు, గంపెడు బొగ్గు పోసి ఎర్తింగ్ అయిపోయిందంటారు. నిలువుగా దిగే దారి లేనిచోట అడ్డంగా పోవాలి. అర మీటరు లోతున కందకం తీసి పదిహేను మీటర్లకు తగ్గకుండా జీఐ పట్టీ పరచాలి. లేదా పైపులు రెండు మూడు దూరదూరంగా పాతి కలపాలి. మా స్థలంలో పదిహేను మీటర్ల ఖాళీ ఎక్కడుంది, అంతా కారుకే పోయింది. ఆ కారు కోసమే పార్కింగ్ టైల్స్ పరిచాం. గుంత మూత, ఎండాకాలం నీళ్లు పోసే గరాటు, అన్నీ వాటి కిందే ఉన్నాయి. ఎక్కడో మాత్రం గుర్తులేదు. టైల్స్ అందంగా ఉన్నాయి.

పాతకాలం ఇళ్లలో ఇంకో చిట్కా ఉండేది, మీ పచ్చ వైరును నల్లా గొట్టానికి చుట్టడం. అప్పట్లో ఇనప గొట్టాలు కాబట్టి ఎంతో కొంత పనిచేసేది. ఆ ఆచారం మేం మానలేదు. ఇప్పుడు సీపీవీసీ ప్లాస్టిక్ పైపుకు చుడుతున్నాం.

ఇక పర్మిషన్ల సంగతి. తెలంగాణలో 2020లో వచ్చిన భవన అనుమతుల టీఎస్‌–బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో, ఏడు మీటర్ల ఎత్తు దాటని ఇల్లయితే పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు దాటకుండా అయితే స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. అంటే మా మీద మాకే నమ్మకం. సెట్‌బ్యాక్ ఎంత, ఎత్తు ఎంత, రోడ్డు వెడల్పు ఎంత అని అడుగుతారు. గోడ లోపల పచ్చ వైరు ఉందా అని కాగితం మీద కనిపించదు. నిబంధనలు లేక కాదు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతిలో విద్యుత్తుకు ఒక విభాగమే ఉంది. వైరింగ్‌కు ఐఎస్ 732 ఉంది. లైసెన్సున్న కాంట్రాక్టరు పరీక్షించి సంతకం చేయాలన్న ఏర్పాటు ఉంది. ఇంజినీరు సంతకం పెట్టాడు, కాంట్రాక్టరు సంతకం పెట్టాడు, మేమూ పెట్టాం. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాయం.

ఒక్క కరెంటు నిబంధన మాత్రం అందరికీ కళ్లకు కనిపిస్తుంది. ఇంటి పక్క నుంచి పోయే 11 కేవీ (11 వేల వోల్టుల) లైను గోడకు 1.2 మీటర్లు, మేడ పైనుంచి పోతే 3.7 మీటర్లు ఎడంగా ఉండాలి. అది చూసుకునే ప్లాను పాసవుతుంది. ఆ తర్వాత బాల్కనీ రెండడుగులు ముందుకు జరుగుతుంది.

స్లాబ్ రోజు మీకు జరిగిన అన్యాయం కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మీ కథ ముగిసింది అక్కడే. సెంట్రింగ్ మీద కింది జాలీ కట్టాక, దానిపైన 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపులు, ఫ్యాను బాక్సులు, డీప్ బాక్సులు పెట్టి బైండింగ్ వైరుతో కట్టాలి. జాయింటుకు జాయింటుకు సొల్యూషన్ రాయాలి. బాక్సుల మూతులు మూయాలి. కొసలకు కాగితం ఉండలు కాదు, గట్టి మూతలు పెట్టాలి. సొల్యూషన్ డబ్బా ఉదయమే అయిపోయిందనుకోండి, పైపును పైపులోకి నెట్టి వదిలేస్తారు. మధ్యాహ్నం వైబ్రేటర్ తగిలి జాయింటు ఊడుతుంది, సిమెంటు పాలు లోపలికి దిగి రాయవుతాయి. రెండు నెలల తర్వాత వైర్లు లాగే రోజున స్ప్రింగ్ సగం దూరం వెళ్లి ఆగిపోతుంది. స్లాబ్ పగలగొట్టలేం కదా. పక్క పైపులోనే రెండు పైపుల వైర్లూ కుక్కాలి. పైపు ఖాళీలో నలభై శాతం దాటితే వైర్లు దిగవు, దిగినా వేడెక్కుతాయి. ఎవరో ఒకరు దిగిపోవాలి. ఫేజు దిగదు, న్యూట్రల్ దిగదు. "పచ్చది వదిలెయ్యన్నా, దాంతో పనేముంది?"

అసలు ఆ పచ్చ కాయిల్ కొనడానికే మేం ఒప్పుకోలేదు. లైట్లకు, ఫ్యాన్లకు ఒకటిన్నర, పెద్ద సాకెట్లకు రెండున్నర, ఏసీకి, గీజర్‌కు నాలుగు అని సామాను లిస్టు రాస్తారు. (అందరూ "ఎంఎం" అంటారు, నిజానికి చదరపు మిల్లీమీటర్లు.) మీ వైరు కూడా ఆ సర్క్యూట్ ఫేజు ఎంత లావో అంత ఉండాలని రూలు. అంటే 90 మీటర్ల కాయిళ్లు ఇంకో మూడు నాలుగు. లిస్టులో పెన్ను పెట్టి కొట్టేసింది మా చేతులే. ఆ డబ్బుతో హాల్లో స్విచ్చులకు గోధుమరంగు గ్లాసు ప్లేట్లు వచ్చాయి. కరెంటు మేస్త్రీకీ బాధ లేదు, ఆయన కూలి పాయింటు లెక్క. పాయింటుకు రెండు వైర్లు లాగినా మూడు లాగినా అదే రేటు.

అయితే సాకెట్ వెనక మీ స్క్రూ ఖాళీగా ఉంటే బాగోదు. అందుకని న్యూట్రల్ నుంచి ఒక చిన్న ముక్క తెచ్చి మీకు తగిలిస్తారు. చూడ్డానికి మూడూ నిండుగా ఉంటాయి, టెస్ట్ ల్యాంపు కూడా వెలుగుతుంది. ఏదో ఒకనాడు స్తంభం దగ్గరో, డీబీలో (కరెంటు పంపిణీ పెట్టెలో) స్క్రూ వదులయ్యో న్యూట్రల్ తెగుతుంది. అప్పుడు ఆన్‌లో ఉన్న వస్తువు గుండా వచ్చిన ఫేజు, ఆ చిన్న ముక్క మీదుగా, ఫ్రిజ్ ఒంటికీ వాషింగ్ మెషీన్ ఒంటికీ చేరుతుంది. ఏ వస్తువూ చెడిపోలేదు, ఏ ఇన్సులేషనూ ఊడలేదు. మీ పేరు చెప్పి చేసిన పెళ్లి ఇది.

మీ బావమరిది, లీకేజీ స్విచ్ ఆర్‌సీసీబీ గారి సంగతీ రాయాలి. ఆయన లెక్కల మాస్టారు. ఫేజులో వెళ్లింది న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా, అంతే చూస్తారు. తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరితే, మన కన్ను ఆర్పేలోగా మొత్తం ఆపేస్తారు. పైన చెప్పిన న్యూట్రల్ ముక్క ఉన్న ఇంట్లో ఆయన ఎలా బతుకుతారు? వస్తువు ఒళ్లు తడి నేలకో, ఇనప గొట్టానికో తగిలితే చాలు, తిరిగి రావాల్సింది రెండు దారుల్లో చీలిపోతుంది, ఆయన ట్రిప్ అవుతారు. ఇన్వర్టర్ న్యూట్రల్‌ను ఆయన్ని తప్పించి కలిపినా అంతే. పక్క గది న్యూట్రల్ అప్పు తెచ్చుకుంటే, ఆ గది ఇంకో ఆర్‌సీసీబీ కింద ఉంటే, అంతే. తప్పు వైరింగ్‌ది, తిట్లు ఆయనకి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ఈ డబ్బా మంచిది కాదన్నా" అని పీకి పక్కన పెడతారు. ఇంటి మొత్తానికి ఒకటే కాకుండా, వంటిల్లు–బాత్రూములకు ఒకటి, గదులకు ఒకటి, మోటారుకూ బయటి లైట్లకూ ఒకటి పెడితే, వానకు గేటు దగ్గరి దీపంలో నీళ్లు పోయినా ఇల్లంతా చీకటవదు. రెండు మూడు వేల రూపాయల వస్తువు ఒకటి మిగిల్చుకున్నామని మా సంతోషం.

మీ గొప్ప గురించి ఒక భ్రమ కూడా చెప్పుకోవాలి. గుంత మంచిదే తవ్వారు, దాని నిరోధం 10 ఓములు అనుకుందాం. ఫ్రిజ్ లోపల ఫేజు ఒంటికి తగిలింది. 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే 20 ఆంపియర్ల ఎంసీబీకి 23 ఒక లెక్కే కాదు, గంటసేపైనా చూస్తూ కూర్చోవచ్చు. "మాటిమాటికీ పడిపోతోంది" అని మేం దాని స్థానంలో 32 పెట్టించాం కాబట్టి ఇప్పుడు ఆ చూడ్డం కూడా లేదు. అంతసేపూ ఫ్రిజ్ ఒళ్లంతా ప్రాణాంతకమైన వోల్టేజీయే. దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరిగే కుక్క అది. అదే ఆర్‌సీసీబీ ఉంటే గుంత 10 ఓములైనా, వానల్లేక వందకు పోయినా, తలుపు మీద చెయ్యి పడకముందే పని ముగిసేది. మీరొక్కరే సరిపోరు, ఆయనొక్కరైతే మనిషి తగిలాక గాని కదలరు. ఇద్దరూ ఉండాలి. మా ఇళ్లలో ఇద్దరూ లేరు కాబట్టి ఆ గొడవే లేదు.

ఆ జివ్వుమనే సంగతీ మీకు తెలియనిది కాదు. వాషింగ్ మెషీన్లలో, కంప్యూటర్లలో ఉండే ఫిల్టరు చిన్నపాటి కరెంటును మీ ద్వారా నేలకు పంపుతుంది. మీరు లేకపోతే ఆ మెషీన్ ఒంటి మీద సుమారు 115 వోల్టులు తేలుతుంటుంది. కరెంటు స్వల్పం కాబట్టి గిలిగింతతో పోతుంది. ఆ గిలిగింతకు ఇల్లాలు అలవాటు పడుతుంది. ఒకరోజు వచ్చేది గిలిగింత కాదు, నిజమైన లీకేజీ. అదీ ఇదే అనుకుంటుంది.

పరీక్షల విషయంలో మేం చాలా కచ్చితం. 100 వాట్ల బల్బు తెచ్చి ఫేజుకూ మీకూ మధ్య పెట్టి చూస్తారు. వెలిగితే ఎర్తింగ్ బ్రహ్మాండం. ఆ బల్బుకు కావలసింది అర ఆంపియరు కూడా కాదు. గుంత వంద ఓములున్నా కాస్త మందంగా వెలుగుతుంది, మేం చప్పట్లు కొడతాం. గుంతను ఎర్త్ టెస్టర్‌తో కొలవాలి. వైరింగ్‌ను ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూసి, ఫేజు–న్యూట్రల్ నుంచి మీకు ఒక మెగా ఓముకు తగ్గకుండా వస్తోందో లేదో రాసుకోవాలి. అదీ ఫాల్స్ సీలింగ్ మూయకముందు. మెగ్గర్ అంటే ఏమిటని అడిగితే పెయింటర్ వచ్చే టైమైందన్నారు.

బయటి పనుల్లోనూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. సంపు మోటారు ఒంటికి మీ వైరు లేదు, అందులోకి దిగి పాచి కడిగే మనిషికి ముందు మెయిన్ ఆపాలన్న చాదస్తమూ లేదు. మేడ మీద బట్టలారేసే దండెం మాత్రం గట్టిగా ఉండాలని జీఐ తీగ తెచ్చి, ఒక కొస సర్వీసు వైరు దిగే ఇనప గొట్టానికే కట్టాం. నైలాన్ తాడు ఎండకు చివుకుతుంది మరి.

ఇంతకంటే వ్రాయవలసినది లేదు. టైల్స్ కింద మీకు కులాసాగా ఉంటుందని తలుస్తూ,

ఇట్లు,
తమ విధేయులు,
రెండు పిన్నుల మీద కాపురం చేస్తున్న గృహ యజమానులు

తా.క. గృహప్రవేశానికి మీరు తప్పక విచ్చేయాలి. సీరియల్ లైట్లకు ప్లగ్గు లేదు, వైర్ల కొసలు ఒలిచి సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలతో బిగిస్తున్నారు. షట్టర్ తెరుచుకోవడానికి మీ రంధ్రంలో ఒక పుల్ల. ఒక్క గదిలో ఆర్‌సీసీబీ ఎలాగో మిగిలిపోయిందట, వ్రతం పూర్తయ్యేదాకా దాన్ని బైపాస్ చేయమన్నాం. దంపతులు తడి బట్టలతో పీటల మీద కూర్చుంటారు, ముహూర్తం వేళ కరెంటు పోతే అపశకునం.