ముఖ్య అతిథి నాటౌట్

మా క్రికెట్ క్లబ్బు ఈ ఏటి సీజన్ ఎలా సాగిందో ఒక సమీక్ష రాసివ్వమని కమిటీ వాళ్లు నన్ను అడిగారు. పన్నెండేళ్లుగా స్కోరు పుస్తకం రాసేది నేనే. ఎవరు ఎన్ని కొట్టారు, ఎవరు ఎన్ని క్యాచ్‌లు వదిలేశారు, టీ డబ్బులు ఎవరు బాకీ, అన్నీ నా దగ్గరే ఉంటాయి. సరేనని కూర్చున్నాను. పుస్తకం తెరిచి మొదటి పేజీలోనే ఆగిపోయాను. సంక్రాంతి టోర్నమెంటు ప్రారంభ బంతి తాలూకు గడి అది. ఖాళీగా ఉంది. అందులో ఏం రాయాలో ఆ రోజూ తోచలేదు, ఇప్పుడూ తోచడం లేదు.

కాబట్టి బ్యాటింగు సగటులూ బౌలింగు లెక్కలూ చివర్లో చెబుతాను, చోటు మిగిలితే. ముందు ముఖ్య అతిథి గారి సంగతి తేలాలి. ఆయన పేరు చెప్పను. చెప్పక్కర్లేదు కూడా. మీ ఊళ్లోనూ ఒకరుంటారు.

మాది విజయనగరం జిల్లాలో ఒక చిన్న పట్టణం. ఆడేది హైస్కూలు గ్రౌండులో, టెన్నిస్ బంతితో. వికెట్లకు తగలాల్సిన బంతికి కాలు అడ్డుపెడితే అవుటిచ్చే ఎల్బీడబ్ల్యూ లేదు. అంపైరు బ్యాటింగు జట్టు మనిషే కాబట్టి ఉన్నా లేనట్టే. గ్రౌండులో మినీ స్టేడియం కోసం వేసిన శిలాఫలకాలు రెండున్నాయి, ఒకటి మిడ్‌వికెట్ దగ్గర, ఇంకోటి థర్డ్‌మ్యాన్ వైపు. స్టేడియం రాలేదు గానీ ఫలకాలు మాత్రం గట్టివి, బంతి తగిలితే ఖంగుమంటాయి. అధికారంలో ఉన్నవాళ్ల ఫలకానికి తగిలితే నాలుగు పరుగులు, ప్రతిపక్షం వాళ్ల ఫలకానికి తగిలితే రెండు. ఎన్నికల ఫలితాలు రాగానే కమిటీ కూర్చుని ఈ రూలును తిరగేస్తుంది. లండన్‌లో నియమాలు రాసే ఎంసీసీ వాళ్లకు ఈ సంగతి ఇంకా అందలేదు.

టోర్నమెంటుకు పదహారు జట్లు వచ్చాయి. ప్రారంభం ఉదయం తొమ్మిదికి అని కరపత్రంలో వేశాం. అతిథి గారు పదకొండు నలభైకి వచ్చారు. 2023 ప్రపంచ కప్పులో ఢిల్లీలో శ్రీలంక బ్యాటరు ఏంజెలో మాథ్యూస్ హెల్మెట్ పట్టీ ఊడిందని కాస్త ఆలస్యం చేశాడు. బంగ్లాదేశ్ వాళ్లు అప్పీలు చేస్తే, రెండు నిమిషాల గడువు దాటిపోయిందని అంపైర్లు అతన్ని ఒక్క బంతీ ఆడనివ్వకుండా వెనక్కి పంపేశారు. అంతర్జాతీయ క్రికెట్లో టైమ్డ్ అవుట్ అయిన మొదటి మనిషి అతనే. పాపం, ఊరు తప్పు వెళ్లాడు. మా దగ్గరికి వచ్చి ఉంటే రెండు గంటల నలభై నిమిషాల తర్వాత కూడా టపాకాయలు కాల్చి, శాలువా కప్పి, క్రీజు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లం.

ఆ ఎదురుచూపుల్లో తోచక గేటు దగ్గర కట్టిన ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద మొహాలు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. వాటిలో బ్యాటు పట్టేవాడి మొహం ఒక్కటే, విరాట్ కోహ్లీది. అదీ కింద మూలన, మా వార్డు యువనేత మోచేతి కింద, పాస్‌పోర్టు ఫొటో అంత. ఆ రోజు ఆడటానికి వచ్చిన నూట డెబ్బై ఆరు మందిలో ఒక్కడి మొహమూ లేదు. ముప్పై నాలుగు మందీ నవ్వుతూ నమస్కారం పెడుతున్నారు, కోహ్లీ తప్ప. ఆయన ఎవరి మీదో అరుస్తున్నాడు. ఎవరి మీదో నాకు అర్థమైంది.

ఇక ప్రారంభ బంతి.

బౌలరు మా ఇంటర్ కుర్రాడు. జిల్లాలో ఈ వయసులో ఇంత వేగంగా వేసేవాడు ఇంకొకడు ఉన్నాడని నేననుకోను. వాడికి కమిటీ ముందురోజు సాయంత్రం శిక్షణ ఇచ్చింది, బంతి ఎలా వెయ్యకూడదో. పరిగెత్తకూడదు, చెయ్యి పైకి లేపకూడదు, పళ్లెంలో ప్రసాదం పెట్టినట్టు మెల్లగా కిందినుంచి వదలాలి. వాడు పదిసార్లు ప్రాక్టీసు చేశాడు. పదిసార్లూ బంతి వికెట్లకే తగిలింది. వాడి తప్పు కాదు, అలవాటు అలాంటిది.

అతిథి గారు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, కొత్త చెప్పులతో క్రీజులోకి వచ్చారు. మెడలో బంతిపూల దండ, దాని మీద శాలువా, జేబులో రెండు ఫోన్లు. బ్యాటు ఇస్తే వెనకవైపు ముందుకు తిప్పి, రోకలి పట్టినట్టు రెండు చేతులతో నిలువుగా పట్టుకున్నారు. ఫొటోగ్రాఫరు "సార్, అది ఇటు..." అని ఏదో అనబోయి, పక్కనున్న నలుగురు చూసిన చూపుకు "బాగుంది సార్" అని ముగించాడు.

మొదటి బంతి. నేలమీద దొర్లుతూ వచ్చింది. దారిలో ఒక చీమ కనబడితే ఆగి దారిచ్చేదే, అంత నెమ్మది. అతిథి గారు బ్యాటు ఎత్తారు, దించడం మాత్రం బంతి వెళ్లిపోయాక దించారు. మధ్య వికెట్టు టక్కుమని వంగింది. మైకులో మా వ్యాఖ్యాత ముందే కాగితం మీద రాసుకున్నది చదివేశాడు: "అబ్బబ్బబ్బ! ఏం షాట్! అతిథి గారిలోని పాత క్రీడాకారుడు నిద్ర లేచాడు!" బౌలరుకు అలవాటు చొప్పున రెండు చేతులూ పైకి లేచిపోయాయి. "హౌ..." అని నోరు కూడా తెరిచాడు. కమిటీ అధ్యక్షుడు కళ్లు ఉరిమాడు. కుర్రాడు తెలివైనవాడు, "హౌ ఆర్ యూ సార్" అని ఆ చేతుల్నే దించి దండం పెట్టాడు.

ఇక్కడ న్యాయశాస్త్రం కొంచెం చెప్పుకోవాలి. క్రికెట్ నియమాల్లో 31వది అప్పీలు గురించి. ఫీల్డింగు జట్టు అడగనిదే అంపైరు ఎవర్నీ అవుట్ ఇవ్వకూడదు. 32వ నియమం బౌల్డ్ గురించి. వికెట్టు విరిగినా వంగినా 31 దాటకుండా 32కు పోవడం కుదరదు. ఆ క్షణంలో మా పదకొండు మందీ 31వ నియమాన్ని పాటించినంత నిష్ఠగా ఎప్పుడూ దేన్నీ పాటించలేదు. ఒకడు ఆకాశంలో మబ్బులు చూస్తున్నాడు. ఒకడు బూటు లేసు కట్టుకుంటున్నాడు, వాడు ఉత్త కాళ్లతో ఉన్నాడు. కీపరు వంగిన వికెట్టును చేత్తో సవరిస్తూ "గాలి సార్" అన్నాడు. అంపైరు నోబాల్ అని చెయ్యి చాచాడు.

రెండో బంతి. మళ్లీ వికెట్టే. అంపైరు ఈసారి "ట్రయల్" అన్నాడు. అది ఏ సంజ్ఞ కిందికి వస్తుందో తెలియక రెండు చేతులూ గాల్లో ఊపాడు. మూడో బంతి సమయానికి అతిథి గారి ఫోను మోగింది. బంతి వచ్చి చెప్పుకు తగిలి ఆగింది. "ఆఁ, గ్రౌండులోనే ఉన్నాను, ఆడుతున్నాను" అని ఆయన అవతలి వాళ్లతో చెప్పారు. నాలుగో బంతికి బ్యాటు వెనకభాగం తగిలింది, లేదా దండలోంచి రాలిన పువ్వు తగిలింది, దీనిమీద ఊళ్లో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. బంతి నాలుగడుగులు దొర్లింది. బ్యాటుకు బాగా దగ్గరగా, సిల్లీ పాయింట్‌లో ఉన్న మావాడు దాన్ని తీసి, అటూ ఇటూ చూసి, తనే బౌండరీ అవతలికి విసిరాడు. సిక్స్! డప్పులు, ఈలలు, టపాకాయలు. అంతా అయ్యాక ఫొటోగ్రాఫరు వచ్చి, ఫొటో సరిగా పడలేదు, ఇంకోసారి కొట్టమన్నాడు. ఇంకోసారి కొట్టారు. అంటే, ఇంకోసారి విసిరాం.

తర్వాత నలభై నిమిషాల ప్రసంగం. "గెలుపోటములను సమానంగా స్వీకరించాలి" అన్నారాయన. రెండు బంతుల్లో రెండుసార్లు బౌల్డై అజేయంగా నిలిచిన మనిషి చెబితే వినాలి మరి. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫొటో, కింద "క్రీడలు మానసికోల్లాసానికి దోహదపడతాయి". నాకు అక్షరాలు వచ్చినప్పటి నుంచీ ఈ వాక్యాన్ని చదువుతున్నాను. బ్యాటు పట్టిన మనిషి మారతాడు, వాక్యం మారదు. ఎవరి మానసం, ఎవరి ఉల్లాసం అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

మా జిల్లా పేరు క్రికెట్ చరిత్రలోకి ఎక్కింది కూడా ఇలాంటి ఘనతతోనే లెండి. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ విజయనగరం మహారాజకుమారుడు, అందరూ విజ్జీ అని పిలిచే ఆయన. మూడు టెస్టులు, ముప్పై మూడు పరుగులు, సగటు 8.25. అంతకు నాలుగేళ్ల ముందు లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు ఈయన కింద ఆడాడు. మన తొలి టెస్టు సెంచరీ వీరుడు లాలా అమర్‌నాథ్‌ను ఇంకా మొదటి టెస్టు కూడా మొదలవకముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఆ ఏడే విజ్జీకి సర్ బిరుదు వచ్చింది. అయినా ఆయన్ని ఒక్క మాట అననివ్వను. 1930-31లో ఇంగ్లండు మేటి బ్యాటర్లు జాక్ హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ రప్పించి తన జట్టులో ఆడించాడు, తన డబ్బుతో. తన సరదాకు తనే ఖర్చు పెట్టుకున్న మహానుభావుడు. మా అతిథి గారికి దండ మేం కొన్నాం, శాలువా మేం కొన్నాం, ఆ ఫ్లెక్సీ కూడా జట్ల ఎంట్రీ ఫీజులోంచే కట్టాం. మైకులో ఆయన ప్రకటించిన పదివేల మొదటి బహుమతి మాత్రం ఇంకా దారిలో ఉంది. గెలిచిన జట్టు కెప్టెన్ వారానికోసారి ఫోన్ చేసి "ఏటి బాబాయ్, వచ్చిందా?" అంటాడు. మొదట్లో కోపంగా అడిగేవాడు, ఇప్పుడు నవ్వుతూ అడుగుతున్నాడు. నాకు ఆ నవ్వే కష్టంగా ఉంది.

ఆ రోజు కొండ దిగువ ఊరి నుంచి ఒక జట్టు వచ్చింది. కూలి పనులు మానుకుని, తలా కొంత వేసుకుని ఆటో మాట్లాడుకుని, ఏడింటికల్లా గ్రౌండులో ఉన్నారు. ఆఖరి మ్యాచ్ వాళ్లది. అతిథి గారి ఆలస్యం, ప్రసంగం, రెండో సిక్సు అన్నీ కలిసి వచ్చి వాళ్ల నెత్తిన పడ్డాయి. పది ఓవర్ల మ్యాచ్ నాలుగు ఓవర్లయింది. బంతి కనబడని చీకట్లో ఆడి మూడు పరుగుల తేడాతో ఓడిపోయారు. ఒక్క మాట అనలేదు. "మరి ఎల్లొస్తాం" అని ఆటో ఎక్కారు. ఫీజులో సగమైనా వెనక్కి ఇద్దామని కమిటీలో అన్నాను. డబ్బు లేదన్నారు. శాలువాలు పదకొండు కొన్నారట.

దీన్ని కూడా నవ్వుతూ చెప్పగలను. తర్వాతి సంగతి చెప్పలేను.

మార్చిలో ఆ గ్రౌండులో ఒక బహిరంగ సభ పెట్టారు. బారికేడ్ల కోసం మోకాలి లోతు గోతులు తవ్వారు. సభ అయింది, కర్రలు పీక్కుపోయారు, గోతులు వదిలేశారు. మేం కొన్ని పూడ్చాం, కొన్ని గడ్డిలో కనబడలేదు. ఏప్రిల్లో ఒక ఆదివారం, తొమ్మిదో తరగతి పిల్లాడు పైకి లేచిన క్యాచ్ కోసం వెనక్కి పరిగెడుతున్నాడు. చూపు బంతి మీదే ఉంది, అలాగే ఉండాలని వాడికి నేర్పింది మేమే. కాలు గోతిలో పడింది. చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఆ చప్పుడు నేను కూర్చున్న చెట్టు కింద దాకా వినబడింది. వాళ్ల నాన్న బజార్లో మూటలు మోసే మనిషి. పది రోజులు పని మానుకుని ఆసుపత్రిలో కూర్చున్నాడు. మేం చందాలు వేసుకున్నాం. అతిథి గారి ఇంటికి ముగ్గురం వెళ్లాం. వరండాలో గంటన్నర కూర్చోబెట్టారు. బయటికి వచ్చి "చూద్దాం" అని కారెక్కారు.

రెండు తట్టల మట్టి. ఆ గొయ్యి పూడ్చడానికి కావలసింది అంతే. వేలమందిని లారీల్లో తోలుకొచ్చి, మళ్లీ తోలుకెళ్లిన వాళ్లకు, రెండు తట్టల మట్టి వెయ్యడానికి ఒక మనిషి దొరకలేదు. బ్యాటు పట్టుకుని ఫొటో దిగడానికి పిల్లలు కావాలి, డప్పు కొట్టడానికి పిల్లలు కావాలి, సభలో కుర్చీలు నింపడానికి పిల్లలు కావాలి, ఆ పిల్లల కాళ్లు మాత్రం ఎవరికీ అక్కర్లేదు! ఆయన్నొక్కణ్ణే తిట్టి ఏం లాభం? ఫ్లెక్సీ కట్టింది మేమే. ఆ సిక్సు విసిరింది మా ఫీల్డరే. నలభై నిమిషాలూ చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, నా చేతులకు మాత్రం ఏ రోగం?

సరే, లెక్కలు. మొత్తం పద్నాలుగు మ్యాచ్‌లు ఆడాం. అయిదు గెలిచాం, ఎనిమిది ఓడాం, ఒకటి పిచ్ మీద గేదె పడుకుని లేవకపోవడం వల్ల ఆగిపోయింది. అత్యధిక పరుగులు కీపరువి, అత్యధిక బాకీ కూడా ఆయనదే. అత్యధిక వికెట్లు ఆ ఇంటర్ కుర్రాడివి, ఇరవై మూడు. నిన్న రాత్రి ఆ ఖాళీ గడి కూడా పూర్తిచేశాను. బౌల్డ్, సున్నా. కింద వరసలో మళ్లీ బౌల్డ్, సున్నా. పెన్సిలుతో కాదు, పెన్నుతో. కుర్రాడి ఖాతా ఇరవై అయిదయింది. అప్పీలు లేకుండా ఎలా రాశావని అధ్యక్షుడు అడిగాడు. బ్యాటరు తనంతట తాను వెళ్లిపోతే అప్పీలు అక్కర్లేదని కూడా ఆ 31వ నియమంలోనే ఉంది. ఆయన వెళ్లిపోయారు కదా, కారెక్కి, కప్పులు ఇవ్వకముందే.

పిల్లాడి కాలు కట్టు విప్పారు. కొంచెం కుంటుతున్నాడు, తగ్గుతుందంటున్నారు. సాయంత్రాలు వచ్చి నా పక్కన కూర్చుని స్కోరు రాయడం నేర్చుకుంటున్నాడు. మొన్న పెద్ద వాన పడింది. పిచ్ మీద కప్పడానికి టార్పాలిన్ లేదు, స్టోర్‌రూములో సంక్రాంతి ఫ్లెక్సీ ఉందని వాడే గుర్తుచేశాడు. అందరం పట్టుకుని పరిచాం, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాం. అతిథి గారి మీసం సరిగ్గా మంచి బంతి పడాల్సిన చోటికి, గుడ్‌లెంగ్త్ దగ్గరికి వచ్చింది. వాన తగ్గాక తీసి చూస్తే కింద చుక్క తడి లేదు.