దెబ్బ తిన్నవాడికే బంగారు వాక్యం

పిల్లలకు దయ నేర్పడంలో మన క్రైస్తవ సంఘాలు పాటిస్తున్న పద్ధతిని ఈమధ్య కొందరు తల్లులు తప్పుపడుతున్నారు. సంఘ కమిటీ సభ్యుడిగా దీన్ని ఖండించడం నా బాధ్యత. ఇంత సులువైన, ఇంత చవకైన పద్ధతి ఇంకెక్కడా లేదు. ఒక పిల్లవాడు కొట్టాడు, ఇంకొకడు ఏడుస్తున్నాడు. దయ గురించి ఎవరికి చెప్పాలి? ఏడ్చేవాడికే. వాడైతే అక్కడే ఉంటాడు, చెప్పినట్టు వింటాడు. కొట్టినవాణ్ణి వెతికి పట్టుకోవాలి, పట్టుకున్నాక వాడు ఎదురు మాట్లాడతాడు, సాయంత్రానికి వాళ్ల నాన్న ఫోన్ చేస్తాడు. ఆ నాన్న సంఘ పెద్ద కూడా అయి, చర్చిలో కొత్త స్పీకర్లు ఆయన కానుకే అయితే ఇక చర్చకు తావే లేదు.

మే నెలలో మా వీబీఎస్‌లో, అంటే పిల్లల వేసవి బైబిలు తరగతుల్లో, జరిగింది చూడండి. మూడో తరగతి పిల్లవాడు, కాస్త నత్తి. ఇరవై మూడో కీర్తన అప్పజెప్పడానికి లేచి “యె... యె... యెహోవా” అంటుండగానే వెనక వరసలో నలుగురు పెద్ద పిల్లలు “యె యె యె” అని అందుకున్నారు. ఇంటర్వెల్‌లో వాణ్ణి గోడకి ఆనించి నిలబెట్టి, బిస్కెట్ ప్యాకెట్ లాక్కుని, వచనం ఆగకుండా చెబితేనే తిరిగిస్తామన్నారు. “నాకు లేమి కలుగదు” అనే మాట పూర్తయ్యేలోపే బిస్కెట్లు అయిపోయాయి.

విచారణ చకచకా సాగింది. సూపరింటెండెంట్ గారు చిన్నవాడి తల నిమిరి, “పోనీలే నాన్నా, అన్నయ్యలు సరదాకి అన్నారు. యేసయ్య మనల్ని క్షమించలేదూ? మనమూ క్షమించాలి కదా” అన్నారు. వాడు తల ఊపాడు. షేక్‌హ్యాండ్ ఇప్పించి, ఫోటో తీసి, “సమాధానపరచువారు ధన్యులు” అని రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఆమెన్లు వరసగా వచ్చిపడ్డాయి. పెద్దవాళ్లు సారీ చెప్పారా అని ఎవరూ అడగలేదు. అడిగితే తీర్పు తీర్చినట్టవుతుంది. తీర్పు తీర్చకూడదని వాక్యం ఉంది కదా.

ఈ పద్ధతి చర్చి బయట కూడా పనిచేస్తుంది. స్కూల్ బస్సు ఎక్కగానే “గొర్రె వచ్చింది” అంటూ తోటిపిల్లలు మే మే అని అరుస్తున్నారని ఒక పాప ఇంట్లో చెప్పింది. వాళ్ల తాతగారు నూరవ కీర్తన తీసి, “మనం నిజంగానే ఆయన మేపే గొర్రెలమే కదమ్మా, ఇందులో ఏడవడానికేముంది” అన్నారు. పాప కిటికీ సీటు వదిలేసి డ్రైవరు వెనక కూర్చుంటోంది. ఇంట్లో మాత్రం మళ్లీ ఎత్తలేదు. సమస్య తీరినట్టే లెక్క.

ఎగతాళి చేసే పిల్లలకు మన దగ్గర పాఠం లేదా అంటే, లేకేం. రెండో రాజుల గ్రంథం, రెండో అధ్యాయం. ఎలీషా ప్రవక్తను “బోడివాడా” అని వెక్కిరించిన పిల్లల్లో 42 మందిని రెండు ఎలుగుబంట్లు చీల్చేశాయి. ఇది బొమ్మలు చూపించి మరీ చెబుతాం. ఎప్పుడంటే, పాస్టరు గారి బట్టతల చూసి ఎవడైనా నవ్వినప్పుడు. పెద్దలను వెక్కిరిస్తే ఎలుగుబంట్లు, పిల్లలను వెక్కిరిస్తే ప్రార్థన. సిద్ధాంతంలో గందరగోళం లేదు.

గందరగోళమంతా పాఠాలు చెప్పడానికి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయితో మొదలైంది. ఆ నలుగురిలో పెద్దవాడి పక్కన కూర్చుని, అరవకుండా, కొట్టకుండా, “ఏం చేశావో నీ నోటితో చెప్పు” అంది. వాడు చెప్పేదాకా లేవలేదు. తర్వాత వరండాలో సంఘ పెద్ద గారితోనే “మీ అబ్బాయి ఇలా చేశాడండీ” అంది, స్పీకర్లు ఎవరివో తెలిసి కూడా. చూస్తూ ఊరుకున్న పిల్లలను పిలిచి, దెబ్బలు తిని దారిలో పడివున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని కథ చెప్పి, ఇందులో పక్కనుంచి పోయిన యాజకుడూ లేవీయుడూ మనలో ఎవరని అడిగింది. చిన్నవాడితో అన్న మాట మరీ ఘోరం. “క్షమించడానికి తొందరేం లేదు నాన్నా. ముందు ‘ఆపండి’ అని గట్టిగా చెప్పు. ఆగకపోతే నా దగ్గరకు రా, అది చాడీ కాదు.”

పిలిచి మందలించాం. మత్తయి 5:39 చూపించాం: “నిన్ను కుడిచెంపమీద కొట్టువానివైపునకు ఎడమచెంపకూడ త్రిప్పుము.” ఆమె దాన్నీ వదల్లేదు. కుడిచేతి వాటం మనిషి ఎదురుగా నిలబడి కుడిచెంప మీద కొట్టాలంటే చెయ్యి తిరగేసి కొట్టాలట. అది దెబ్బ కన్నా అవమానమట. రెండో చెంప తిప్పడమంటే పారిపోకుండా, తిరిగి కొట్టకుండా, నేనూ నీ సాటి మనిషినేనని నిలబడటమని కొందరు పండితులు అంటారట. ఇంత లోతు మూడో తరగతి పిల్లలకెందుకు? నిజంగానే నిలబడితే?

అంతటితో ఆగలేదు. ప్రధానయాజకుని ఎదుట బంట్రోతు కొట్టినప్పుడు ప్రభువు రెండో చెంప తిప్పినట్టు యోహాను రాయలేదంది. “మంచి మాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు” అని అడిగారట. తిట్టలేదు, శపించలేదు, అడిగారు. యోహాను సువార్త 18:23లో ఉంది, నేను చూశాను. ఫిలిప్పీ పట్టణంలో సువార్త చెప్పిన పౌలునూ సీలనూ బెత్తాలతో కొట్టించి జైల్లో వేసిన అధికారులు మర్నాడు గుట్టుగా పంపేయబోతే, పౌలు కదల్లేదు, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు. అంతకుముందు రాత్రే, కత్తి దూసి చావబోయిన జైలు నాయకుణ్ణి కాపాడినవాడూ ఆయనే. దయా నిలదీతా ఒకే మనిషిలో, ఒకే అధ్యాయంలో. ఇలాంటివి పిల్లల కంట పడకూడదు.

పైగా చరిత్ర పాఠం ఒకటి. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి సండే స్కూల్ పెట్టింది బుద్ధిమంతుల కోసం కాదట. వారమంతా పనిలో నలిగి, ఆదివారం వీధుల్లో బూతులు తిడుతూ అల్లరి చేసే పిల్లల కోసమట. అయ్యుండొచ్చు. కానీ ఆ పిల్లల నాన్నలెవరూ స్పీకర్లు కొనివ్వలేదు. అమ్మాయిని పాఠాల నుంచి తప్పించి మజ్జిగ పోసే పనికి మార్చాం.

ముగింపు రోజు, కంఠతా పట్టిన బైబిలు వచనాలు అప్పజెప్పే బంగారు వాక్యాల పోటీ ఘనంగా జరిగింది. “ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును” అనే అధ్యాయం మొత్తం తప్పు లేకుండా చెప్పి సంఘ పెద్ద గారి అబ్బాయి మొదటి బహుమతి కొట్టేశాడు.

ఇప్పుడు స్త్రీల సమాజం వాళ్లు కొత్త పేచీ పెట్టారు. ఫోటో పెట్టిన గ్రూపులోనే సారీ కూడా రావాలట, ఆ అమ్మాయిని మళ్లీ పాఠాలకు పిలవాలట, ఆ మాట కమిటీయే వచ్చి చెప్పాలట. అప్పటిదాకా సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు వంట చేయరట. దీనికి వాక్యాధారం చూపించండని గట్టిగానే అడిగాం. అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం తీసి 39వ వచనం మీద వేలు పెట్టారు. అధికారులు వచ్చి బతిమాలుకున్నారని అక్కడ ఉంది. ఆ వచనం గురించి పెద్దలం ప్రార్థిస్తున్నాం. ఆదివారం భోజనాలకు మాత్రం హోటల్లో ఆర్డర్ ఇచ్చాం.