రెండో అంతస్తులో ముంపు

మొన్నామధ్య మా విజయనగరంలో వాననీటి కాలవల మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. పనిరోజు, పొద్దున్న పదకొండు గంటలకి, ఒక ఆఫీసు రెండో అంతస్తులో. ముంపు గురించి మాట్లాడేటప్పుడు ఆ మాత్రం ఎత్తులో ఉండటం కనీస జాగ్రత్త. వచ్చినవాళ్లంతా దాదాపు మిట్ట మీద ఇళ్లున్నవాళ్లే. నేనూ అంతే, దాచుకోవడం దేనికి. పల్లంలో ఉండేవాళ్లు ఆ వేళకి కూలికో బజారుకో పోయారు. 'దిగువ వీధుల ప్రజలు ఆసక్తి చూపలేదు' అని మినిట్స్‌లో రాశారు. ఒక రోజు కూలి వదులుకుని సమోసా తినడానికి రాకపోవడం బాధ్యతారాహిత్యమే మరి.

రాజ్యాంగం కూడా మన పక్షానే ఉంది. పట్టణ పాలన మీద వచ్చిన 74వ సవరణ ప్రకారం మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న ఊళ్లకే వార్డు కమిటీలు తప్పనిసరి. 2011 లెక్కల్లో మన ఊరు ఆ గీత కిందే ఉంది. తుపాన్లకి మాత్రం ఇలాంటి మినహాయింపుల మీద గౌరవం లేదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, పక్క జిల్లాకి తిత్లీ 2018 అక్టోబరు 11న. సిరిమాను జాతర సీజను చూసుకుని మరీ వస్తాయి.

దిగువ నుంచి ఒక్క ముసలమ్మ వచ్చింది. కూరల గంప గుమ్మం బయట పెట్టి, తెర మీద మ్యాపు కేసి చాలాసేపు చూసింది.

"బాబూ, ఆ నీలం గీత తప్పు. గెడ్డ అటు పోదు. నీటి బంద కప్పీసి ఇళ్లు కట్టీసినారు కదా, నీరంతా మా ఈదిలోకే వొస్తాది."

"మీకెలా తెలుసమ్మా?"

"మా గోడ మీదుంది."

మంచం కోళ్ల కింద నాలుగేసి ఇటుకలు, బియ్యం డబ్బా అటక మీద, గోడకి నడుమెత్తున మట్టి చార. ఇదీ ఆవిడ డీపీఆర్, అంటే ప్రాజెక్టు సమగ్ర నివేదిక. కన్సల్టెంటు గారు ఎంతో మర్యాదగా, శాటిలైట్ డేటాతో అది సరిపోలడం లేదన్నారు.

చివరికి తీర్మానం ఏకగ్రీవం. మొదటి దశలో మా వీధి కాలవ వెడల్పు చేస్తారు. మేం పెరళ్లలో టైల్స్ పరిచాం, రోడ్డుకి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు పోయించాం, చుక్క ఇంకే చోటు లేదు. కాలవ కూడా పెద్దదైతే మా నీళ్లు ఆవిడ వీధికి ఇప్పటికంటే తొందరగా చేరతాయి. ఆవిడ వీధి కాలవ రెండో దశ. తీర్మానంలోని 'సమ్మిళిత' అన్న మాటకి అర్థం అడుగుదామనుకున్నాను గానీ, అప్పటికే టీ వచ్చేసింది.

పోతూ పోతూ ఆవిడ వేదిక వెనకాల కట్టిన ఫ్లెక్సీ అడిగి, చుట్టచుట్టి గంపలో పెట్టుకుంది. ఈ వానలకి ఇంటి పైన కప్పుతుందట. 'మీ భాగస్వామ్యం' అన్న అక్షరాలు ఆకాశం వైపు పెడుతుందో, ఇంట్లో వైపు పెడుతుందో అడగడం మర్చిపోయాను.