సొంతవాక్యానికి చిక్కని నుడికారం

తెలుగు పరీక్షలో జాతీయం ఇచ్చి సొంతవాక్యం రాయమనడం మనకు తరతరాల అలవాటు. ‘భగీరథ ప్రయత్నం’ అని వస్తే ‘మా అన్న ఉద్యోగం కోసం భగీరథ ప్రయత్నం చేశాడు’ అని రాస్తే చాలు, మార్కు పడుతుంది. ‘నీళ్లు నమలడం’ వస్తే ‘రాము నీళ్లు నమిలాడు’ అని రాసినవాడికి కూడా సగం మార్కు వేసే దయగల మాస్టార్లున్నారు. నా పేచీ ఆ దయతో కాదు, ఆ ప్రశ్నతో. జాతీయం అర్థం తెలియడం వేరు, దాన్ని ఎవరు ఎవరితో ఏ గొంతుతో అంటారో తెలియడం వేరు. రెండోది తెలియనప్పుడు మొదటిది పెద్దగా అక్కరకు రాదు.

మాదాపూర్ హాస్టల్లో ఉంటూ తెలుగు నేర్చుకుంటున్న ఉత్తరాది కుర్రాడొకడు ఉన్నాడనుకోండి. చేయి అంటే తెలుసు, ఇవ్వడం అంటే తెలుసు. ‘కష్టకాలంలో మా మేనేజర్ నాకు చేయిచ్చారు’ అని మెచ్చుకోలుగా చెబుతాడు. విన్నవాళ్లు అయ్యో పాపం అంటారు. చేయి అందిస్తే సాయం, చేయి ఇస్తే మోసం. చేయి చేసుకుంటే దెబ్బ, చేయి తడిపితే లంచం, చేయి తిరిగితే నేర్పు. చేతులెత్తేస్తే ఓటమి, అవే చేతులు దులుపుకుంటే మనకేం సంబంధం లేదని తప్పుకోవడం. ఇక ఫలానావాడు చేతివాటం చూపించాడంటే అదేదో పనితనం అనుకునేరు, ముందు మన జేబు తడుముకోవాలి. నిఘంటువులో ఇవన్నీ ఒకే మాట కింద బుద్ధిగా వరసకట్టి ఉంటాయి. మాట్లాడేటప్పుడు మాత్రం ఒక్క క్రియ జారితే మనిషి పరువే జారుతుంది.

అర్థం ఒక్కటే ఉన్నా, వాక్యం తిరిగే తీరును బట్టి మాట బరువు మారిపోతుంది. పుట్టి అంటే ఏరు దాటించే గుండ్రటి బుట్టపడవ. అది మునిగితే అందులో ఉన్నవాళ్ల పని అయిపోయినట్టే. కానీ ‘మా పుట్టి మునిగింది’ అని నేరుగా చెప్పుకునేవాళ్లకన్నా ‘ఇప్పుడేం పుట్టి మునిగిందని?’ అని అడిగేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ప్రమాదం కోసం పుట్టిన మాట ప్రమాదమేమీ లేదని చెప్పే పనికి కుదురుకుంది. పైగా పరీక్ష తప్పి ఏడుస్తున్న మనవడితో నాయనమ్మ ‘ఏం పుట్టి మునగలేదులేరా’ అంటే అది ఊరట. బయల్దేరమని తొందరపెడుతున్న తండ్రితో కొడుకు ‘ఏం పుట్టి మునిగిందని నాన్నా’ అంటే పెడసరం. ఈ తేడాకు సొంతవాక్యంలో చోటెక్కడిది?

పాత పనిముట్లు పోయాయి కాబట్టి వాటితో పుట్టిన జాతీయాలూ పోతున్నాయని పెద్దలు బాధపడుతుంటారు. అది సగమే నిజం. బియ్యం పోయకముందు పొయ్యి మీద కాగబెట్టే నీళ్లు ఎసరు. కట్టెల పొయ్యి ఎరగని పిల్లలకు కూడా ‘ఉద్యోగాలకు ఎసరు’ అన్న హెడ్డింగ్ ఇట్టే అర్థమవుతుంది. గంజి వార్చే పని లేకుండా కొలిచి పోసేది అత్తెసరు. (ఆ లెక్కన మన రైస్ కుక్కర్లన్నీ వండేది అత్తెసరు అన్నమే.) అయితే వంట సంగతి మరుగున పడ్డాక మాటకున్న హద్దు చెరిగింది. అత్తెసరంటే తక్కువ అని కాదు, మిగలకుండా సరిగ్గా సరిపోయినంత అని. ముప్పై అయిదు పాసయితే ముప్పై అయిదు వచ్చినవాడివి అత్తెసరు మార్కులు. పన్నెండు వచ్చినవాడికి కూడా అదే మాట తగిలిస్తున్నాం.

సాహిత్యం జనం నోటి నుంచి తీసుకోవడమే కాదు, తిరిగి ఇస్తుంది కూడా. అడ్డం తిరగడం అందరి మాటే. దాన్ని గురజాడ గిరీశం నోట పెట్టి, 1909లో తిరగరాసిన ‘కన్యాశుల్కం’ నాటకాన్ని ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అంటూ ముగించారు. నాటకం ముఖం చూడనివాళ్లు కూడా ఇవాళ ఆ మాట వాడుతున్నారు. పత్రికలూ తక్కువేం తినలేదు. పార్టీ మారడానికి ‘కండువా కప్పుకోవడం’ అనే పలుకుబడి స్థిరపడిపోయింది. ఎవరి కండువా, ఎందుకు అని అడిగే పాఠకుడు లేడు. ప్రభుత్వాలకూ ఈ రుచి తెలుసు. ఇంటింటికీ తాగునీటి పథకాన్ని ‘మిషన్ భగీరథ’ అన్నప్పుడు గంగను దించినవాడి కథ ఎవరికీ విప్పి చెప్పాల్సిన పని పడలేదు.

ఇక హైదరాబాద్ వీధుల్లో వినిపించే నుడికారానికి పాఠ్యపుస్తకంలో కుర్చీ వేసినట్టు కనబడదు. మెకానిక్ షాపు ముందు నిలబడి వినండి.

‘బండి కాలేదా అన్నా?’

‘సామాన్ రాలేదన్నా, పొద్దుగాల చేసిస్త.’

‘కథలు పడకే, నిన్న గూడ గిదే చెప్పినవ్.’

‘కథలు పడకు’కు నిఘంటువు పద్ధతిలో అబద్ధం చెప్పకు అని అర్థం రాయొచ్చు. కానీ ‘అబద్ధం చెప్తున్నవ్’ అంటే అక్కడ గొడవవుతుంది. ‘కథలు పడకే’ అంటే మెకానిక్ నవ్వి పానా అందుకుంటాడు. లైట్ తీస్కో, దిమాక్ ఖరాబ్ చేయకు, ఆగమాగం కాకు: ఒక్కోదానికీ చనువు కొలత ఉంది. దోస్తుతో అనే ‘లైట్ తీస్కో’ దుఃఖంలో ఉన్న పెద్దాయనతో అంటే మర్యాద పోతుంది.

వీటిలో ఉర్దూ ఉంది కదా, తెలుగెలా అవుతుందని అడిగేవారు తమ కాగితాలు ఓసారి చూసుకోవాలి. ఫిర్యాదు, హాజరు, మంజూరు, జరిమానా లేకుండా మన ఆఫీసు ఒక్క రోజు నడవదు.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో 1962లో వచ్చిన ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. 1971లో వచ్చింది చేనేత సంపుటం. పదాల్ని ఆ పని చేసేవాళ్ల నోటి నుంచే ఏరారు. తెలుగు విశ్వవిద్యాలయం, తెలుగు అకాడమి ఉన్న ఈ నగరంలో అదే పద్ధతిని నుడికారానికి వాడొచ్చు. ఆటోస్టాండు, కోర్టు ఆవరణ, కూరగాయల మార్కెట్ తిరిగి, మాటతో పాటు ఎవరు ఎవరితో అన్నారో కూడా రాసుకోవాలి. అంతదాకా పరీక్ష పేపర్ రాసే మాస్టార్లు ఒక్క మార్పు చేసినా మేలే: జాతీయం ఇచ్చి వాక్యం అడగడం మాని, ఇద్దరు మనుషుల్ని, ఒక సందర్భాన్ని ఇచ్చి, ఈ మాట వీళ్లలో ఎవరు అనొచ్చు, ఎవరు అనకూడదు, ఎందుకు అని అడగాలి.