దుఃఖానికి డెడ్‌లైన్

మన పెద్దవాళ్లకు పని మీద శ్రద్ధ లేదనడానికి నా దగ్గర గట్టి ఆధారం ఉంది. ఇంట్లో మనిషి పోతే పదకొండు రోజులు, కొందరైతే పదమూడు రోజులు ఊరికే కూర్చునేవారు. ఆపైన నెలనెలా మాసికం. ఏడాదిపాటు పండగ లేదు. దీపావళికి పక్కింటివాళ్లు మతాబులు కాలుస్తుంటే అరుగు మీంచి చూసేవారు. ఒక్క చావుకు ఇన్ని పనిదినాలు తగలేస్తే దేశం ఎలా బాగుపడుతుంది?

ఈ దుబారాను మా ఆఫీసు అరికట్టింది. దుఃఖానికి మూడు రోజులు. అదీ లిస్టులో ఉన్న చుట్టరికమైతేనే. మేనమామ లిస్టులో లేడు. ఎత్తుకుని పెంచినా సరే, ఆయన కోసం సొంత సెలవు ఖర్చు పెట్టుకుని ఏడవాలి.

మా నాన్న పోయిన నాలుగో రోజు పొద్దున తొమ్మిదిన్నరకు, ఊళ్లో వెనక వసారాలోంచి కాల్‌లో కూర్చున్నాను. గుండు చూసి అందరి మూడ్ పాడవుతుందని కెమెరా ఆపేశాను. "పనికేమైనా అడ్డంకులున్నాయా?" అన్నారు. లేవన్నాను. పెద్దకర్మ శనివారం పడింది. నాన్న ఎప్పుడూ ఎవరికీ ఇబ్బంది కలిగించే మనిషి కాదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు చాలంది. పాపం, దూరదృష్టి లేదు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు యువత 70 గంటలు పనిచేయాలన్నారు. 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్‌గారు 90కి వెళ్లి, ఆదివారం ఇంట్లో ఎంతసేపని భార్యను చూస్తూ కూర్చుంటారని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా అమ్మ నాన్న పడక్కుర్చీని పొద్దస్తమానం చూస్తూ కూర్చుంటోంది, అందులో నాన్న లేకపోయినా. వారానికి 90 గంటలు సులువుగా దాటుతుంది.

55 గంటలు దాటి పనిచేస్తే పక్షవాతం ముప్పు పెరుగుతుందని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. కంగారెందుకు? మూడు రోజుల సెలవు ఉండనే ఉంది, మనవాళ్లకి.

పైగా మా ఆఫీసుకు మనసు లేదనుకోకండి. శుక్రవారం లంచ్ టైములో, నలభై అయిదు నిమిషాల్లో మనోగాయాలు మాన్పే కార్యక్రమం పెట్టారు. హాజరు తప్పనిసరి. కళ్లు మూసుకుని గాలి పీల్చమన్నారు, పీల్చాం. ఎంత తేలికపడ్డామో అయిదు నక్షత్రాల్లో చెప్పమన్నారు. అయిదూ ఇచ్చాను, అప్రైజల్ దగ్గర్లో ఉంది మరి.

ఇంత చేసినా నేనో తప్పు చేశాను, ఒప్పుకుంటున్నాను. మొన్న ఏడో మాసికానికి ఊరెళ్లి, భోజనాలయ్యాక అమ్మ పక్కన చాపేసుకుని కునుకు తీశాను. లేచేసరికి ఏడుపొచ్చింది. ఏడు నెలలు లేటు! ఏ క్లయింటైనా ఒప్పుకుంటాడా? అమ్మ మాత్రం ఆలస్యానికి కారణం అడగలేదు, చెంబుతో మంచినీళ్లిచ్చింది.

ఇంకో నాలుగు రోజులు ఉండాలనిపించి ఫోన్‌లోనే సెలవు పెట్టబోయాను. కారణం దగ్గర 'తండ్రి' అని నొక్కితే, అది ఇదివరకే వాడేశారని వచ్చింది.